తెలిసిన గొంతు

"ఆ మెషీన్ ఒక్క అడుగు ముందుకొచ్చిందంటే నేను దాని కిందే పడుకుంటాను!" అంది కోడలు. భూకంపానికి కూలిన ఇంటి ముందు, శిథిలాలు ఎత్తే మెషీన్‌కు అడ్డంగా చేతులు బార్లా చాపి నిలబడింది.

"అడ్డు లేవండమ్మా. అవతల ఇంకో వీధి ఉంది మాకు," అన్నాడు సహాయ బృందం అధికారి. "రెండు రోజులుగా మీరు మీ అత్తగారిని పిలుస్తూనే ఉన్నారు. పలికారా? కుక్క కూడా చేతులెత్తేసింది."

"కుక్కకి చేతులెక్కడివండీ!"

వీధంతా గాలించిన కుక్క, సరిగ్గా ఈ ఇంటి దగ్గరికొచ్చేసరికి కొత్త అల్లుడిలా అలిగి పడుకుంది. బిస్కెట్టు పెట్టినా మొహం తిప్పుకుంది. దాని పేరు దొర. పేరుకు తగ్గట్టే ఉంది.

"దీనికేమైంది బాబూ?" అనడిగింది కోడలు, గొలుసు పట్టుకున్న జవానును.

"అన్నీ శవాలే దొరికాయక్కా. ఒక్క బతికున్న మనిషైనా దొరక్కపోతే వీటికి దిగులు పట్టుకుంటుంది. అందుకే మాలో ఒకరం ఎక్కడో దాక్కుంటాం. మనిషి దొరికాడని సంబరపడి మళ్లీ పనిలోకి దిగుతుంది."

"అయితే నేను దాక్కుంటా."

అధికారి గడియారం చూసుకున్నాడు. "పది నిమిషాలు. ఆ తర్వాత మెషీనే."

ఆమె ఇటుకల మీదుగా పాకుతుంటే ఫోన్ మోగింది. కాలికి కట్టుతో ఆస్పత్రిలో ఉన్న మొగుడు. "అమ్మ దొరికిందా?"

"ముందు నన్ను దొరకనివ్వండి!" అని పెట్టేసింది.

వంకరపోయిన బీరువా తలుపు వెనక, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముడుచుకు కూర్చుంది. దొర వచ్చింది. ఆమె మొహం వాసన చూసింది. "శభాష్ రా!" అని జవాను చప్పట్లు మొదలెట్టాడు. దొర ఒక తుమ్ము తుమ్మి, ఆమె ఒళ్లో కాలేసి అవతలికి దూకింది. విరిగిన స్లాబు సందులో మూతి దూర్చి ఒకటే మొరుగుడు.

"ఎదురుగా మనిషి కూర్చుంటే దాటిపోతుందేంటి! దీనికి బుర్ర చెడిపోయింది," అన్నాడు అధికారి.

"చెడలేదు. అది మా వంటిల్లు. మా అత్తయ్య అక్కడే ఉంటుంది," అంటూ ఆమె లేచింది. మోచేతుల నిండా సున్నం. "ఒక్కసారి చూడండి సార్, మీకు పుణ్యముంటుంది."

అధికారి ఇంజన్లన్నీ ఆపించాడు. అందర్నీ నోరు మూసుకోమన్నాడు. జవాను వైరుకు కట్టిన మైకును సందులోకి దింపి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు.

"మళ్లీ మీరే పిలవండి, ఈసారి మైకులో వింటాం," అన్నాడు అధికారి. "శిథిలాల కింద మగతగా ఉన్నవాళ్లు పరాయి గొంతుకు పలకరు. తెలిసిన గొంతైతే పలుకుతారు. మా పద్ధతి ఇది. మూడుసార్లు పిలుద్దాం."

"అత్తయ్యా!"

జవాను తల అడ్డంగా ఊపాడు.

"అత్తయ్యా, నేనండీ! వినబడుతోందా?"

దొర గోళ్లతో సిమెంటు గీకింది. అంతే.

మూడోసారి ఆమె బతిమాలుకుంది. "అత్తయ్యా... మీ అబ్బాయి అక్కడ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. నేనేమని చెప్పను? ఊ అనండి, చాలు."

ఎక్కడో ఇసుక రాలింది. మరే చప్పుడూ లేదు.

కోడలు ఇటుకల మీద కూలబడిపోయింది. అత్తయ్య బతికుండి ఇన్ని మాటలు విని, ఒక్కదానికీ ఎదురు మాట అనకుండా ఉండటమా? ఇన్నేళ్లలో ఏనాడూ జరగలేదు. పోయినట్టే. ఆమె కొంగులో మొహం దాచుకుంది.

అధికారి మెషీన్ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఇంజన్ గుర్రుమంది.

దొర మాత్రం అక్కణ్ణుంచి కదలనంది. గొలుసు లాగినా కదల్లేదు. జవానుకు మనసొప్పలేదు. ఇంజన్ ఆపమని సైగ చేసి, పద్ధతిని పక్కనపెట్టి, సందులోకి వంగి తానే అరిచాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను నాయనా," అంది కింద నుంచి ఒక ఎండిపోయిన గొంతు. "రెండు రోజుల్నుంచీ పిలుస్తున్నావిడ నా కోడలైతే మాత్రం, లేనని చెప్పు."