కుంభకర్ణుడు

"లేవయ్యా కుంభకర్ణా! ఇది లైబ్రరీనా, మీ అత్తారిల్లా?"

లైబ్రరీ మేడమ్ రోజూ తేదీల స్టాంపుతో నా చెవి పక్కనే బల్లమీద టకటకా కొట్టేది. చుట్టూ చదువుకునేవాళ్లు కిసుక్కుమనేవాళ్లు. నేనూ వాళ్లతోపాటు నవ్వేవాణ్ణి. ఆ నవ్వు కాస్తా బాత్‌రూమ్ చేరేసరికి ఎందుకో ఏడుపైపోయేది.

హాస్టల్ గదిలో రాత్రంతా కంటిమీద కునుకుండదు. పొద్దున్నే వచ్చి, ఆవిడ కౌంటరుకు ఎదురుగా తల వాల్చేవాణ్ణి.

ఇవాళ ఎంతసేపటికీ స్టాంపు చప్పుడు కాలేదు. కళ్లు తెరిస్తే, ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది.

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదా బాబూ?"

తలూపాను.

"అయ్యో, తెలీక ఇన్నాళ్లూ నోరు పారేసుకున్నాను. వెనకాల పాత పేపర్ల గది ఉంది. అటు పురుగైనా రాదు. రోజూ అక్కడే హాయిగా పడుకో. ఇక నిన్నెవరూ ఒక్క మాట అనరు. నాదీ పూచీ."

తనే తాళం తీసి, ఫ్యాను వేసి, తలుపు దగ్గరగా లాగి వెళ్లింది. ఎంత మంచి మనిషి!

ఆవిడ వెనకే వెళ్దామని లేచి, తలుపు దాకా నడిచి ఆగిపోయాను.

ఈ ఊళ్లో రోజు మొత్తమ్మీద నన్ను పలకరించేది ఆ తిట్టొక్కటేనని, ఆవిడ కౌంటరు ముందు కూడా నాకు నిద్ర పట్టేది కాదని, ఆ తిట్టు కోసమే రోజూ కళ్లు మూసుకునేవాణ్ణని ఏ మొహం పెట్టుకుని చెప్పను?