మామయ్య కుర్చీ

"లోపలికి రాకు మార్లిస్. ఇప్పుడే పడుకున్నారు," అంది వెర్లా, తలుపుకు అడ్డంగా నిలబడి.

మార్లిస్ చేతిలో బంగాళాదుంప సూప్ వేడిగా ఉంది. బయట మోకాలి లోతు మంచు. అయినా ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి.

"మామయ్యకి ఊపిరితిత్తుల జబ్బు కదత్తా. ఈ చలిలో కిటికీలు తెరిచావేంటి?"

"ఆయనకి అలాగే బాగుందిట."

"డాక్టర్ వచ్చాడా?"

"వద్దన్నారు. నువ్వు బోయిసీ బయల్దేరు. రేపే కదా సభలో బిల్లు మీద ఓటు."

వెర్లా గిన్నె అందుకుని తలుపేసేసింది. మార్లిస్‌కి ఒళ్ళు మండింది.

ఓరిన్ మామయ్య శాసనసభ్యుడు. జబ్బు పడగానే, తాను లేచేదాకా తన కుర్చీలో కూర్చోమని మేనకోడలు మార్లిస్ పేరు రాసిచ్చాడు. ఆ రాష్ట్రంలో అది మామూలే. గవర్నర్ సరేనన్నాడు. ఊళ్ళో ఉన్న ఒక్క ఆసుపత్రి మూతపడకుండా కాపాడే బిల్లు మామయ్యదే. నిరుడు ఆ ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఎత్తేశారు. ఆ చలికాలమే, నొప్పులతో కొండ దాటుతూ ఆయన ఒక్కగానొక్క కూతురు అంబులెన్సులోనే పోయింది.

మర్నాడు సభలో అవతలి పార్టీ నాయకుడు డ్వైట్ పలకరించాడు. "మీ మామయ్య లేచొస్తే నీ కుర్చీ పోతుందమ్మాయ్."

"రానివ్వండి. నాకు సంతోషమే."

"ఆయన చనిపోయినా పోతుందిలే. మీ పార్టీవాళ్ళు కొత్త పేర్లు పంపాలి, గవర్నర్ ఏరుకోవాలి. ఈలోగా మీ బిల్లు అటకెక్కుతుంది," అని నవ్వాడు.

మార్లిస్ పక్కకి వచ్చేసింది. వెంటనే ఫోన్ చేసింది.

"మామయ్యకివ్వత్తా."

"మాట్లాడలేరు. నువ్వు ఓటెయ్యి."

ఆ గొంతులో తడి లేదు. వెనక నుంచి చిన్న దగ్గు కూడా వినిపించలేదు, గాలి హోరు తప్ప. ఈవిడ మనిషిని చలికి పెట్టి చంపుతోందేమోనన్న అనుమానం పురుగులా తొలిచింది. ఓటవగానే షెరీఫ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే అనుకుంది.

బిల్లు ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. మార్లిస్ నడవాలోకి పరిగెత్తి మళ్ళీ ఫోన్ చేసింది.

"నెగ్గిందత్తా. నా ఓటుతోనే. మామయ్యకి చెప్పు."

"ఇంక ఎవరూ మార్చలేరుగా?"

"సభాపతి ప్రకటించేశాడు. ఇప్పుడైనా డాక్టర్ని పిలువు, నీకు దణ్ణం పెడతాను."

అవతల కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్న చప్పుడు వినిపించింది.

"అత్తా, ఉన్నావా?"

"ఇక నేను ఏడవచ్చా?"