వెలుగుకు కదలని బట్ట

"ఇంకొక్కసారి లైటు వేశారంటే మొండికేస్తుంది సార్. పొద్దుటి నుంచి ఎనిమిదిసార్లు ఆడించారు. కమిటీవాళ్లు వచ్చేదాకా కాస్త చీకట్లో పడుకోనివ్వండి."

పెట్టె మూత మీద రెండు చేతులూ ఆనించి అడ్డంగా నిలబడింది చిన్న డాక్టరమ్మ. మందూ మాత్రా ఇవ్వని డాక్టరని నేత పెద్దమ్మ సరదాకి పెట్టిన పేరది. ఎదురుగా ఉన్న ప్రొఫెసరుగారికి టార్చి మాస్టారని పేరు. ఆయన జేబులో పెన్ను లేని రోజు ఉంటుందేమో గానీ టార్చి లేని రోజు ఉండదు.

పెట్టెలో ఉన్నది జేబురుమాలంత బట్ట. వెలుగు పడితే అత్తిపత్తి ఆకులా ముడుచుకుంటుంది, వెలుగు తీసేస్తే మెల్లగా విచ్చుకుంటుంది. మూడేళ్లు కళ్లు పొడుచుకుని ఆ దారం తీసింది చిన్న డాక్టరమ్మ. దాన్ని మగ్గం మీద నేసింది పెద్దమ్మ. వచ్చినవాళ్లకల్లా చూపించి మెప్పు పొందింది మాత్రం మాస్టారు. ఆ పొద్దున తోటమాలికి చూపించాడు. లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాళ్లకి చూపించాడు. ఫోనులో బావమరిదికి రెండుసార్లు చూపించాడు. ఇప్పుడు గుమ్మంలో బ్యాంకు మేనేజరు నిలబడి ఉన్నాడు.

"బట్టకి అలసటేమిటమ్మా, నీకు గానీ," అంటూ మాస్టారు ఆమెని పక్కకి జరిపి తొమ్మిదోసారి టార్చి వేశాడు. ఒక్క మూల మాత్రం కాస్త ముడుచుకుంది, బలవంతాన నవ్వినట్టు. బ్యాంకు మేనేజరు భలే అన్నాడు.

చిన్న డాక్టరమ్మ టార్చి వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టింది. అలిసిందంటే ఆ బట్ట ఓ పూటంతా చీకట్లో ఉంటే గానీ లేవదు. పరిశోధనకి డబ్బిచ్చే ఆ కమిటీ వచ్చేది పదకొండింటికి. వాళ్లు సరేనంటేనే ఆమెకి ఇంకో మూడేళ్లు ఉద్యోగం, లేదంటే నెలాఖరుకి సామాను సర్దుకోవడమే. ఇది నాలుగో ఊరు. ఏడేళ్ల కూతురు ఈమధ్య బడిలో ఎవరితోనూ జట్టు కట్టడం మానేసింది. ఎందుకే అని అడిగితే, ఎలాగూ వెళ్లిపోతాంగా అంది, జడ వేయించుకుంటూ, తల తిప్పకుండా.

మగ్గం దగ్గర్నుంచి పెద్దమ్మ లేచి వచ్చింది. బట్ట మరీ నలిగిపోయి ఉంది, ఇస్త్రీ చేస్తే కాస్త కళ వస్తుందేమోనంది. ఆ మాటకి చిన్న డాక్టరమ్మ ఉలిక్కిపడింది. ఇస్త్రీ వేడి తగిలితే దాని ప్రాణం పోతుంది, ఇక జన్మలో కదలదు. ఆ భయంతోనే ఇస్త్రీ పెట్టెని ఏనాడో బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన మెడలో గుర్తింపు కార్డు పక్కనే వేలాడేసుకుంది.

పదకొండింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్ద లైటు వేశారు. బట్ట కదల్లేదు. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. ఒకాయన గడియారం చూసుకున్నాడు. చిన్న డాక్టరమ్మ మనసులో అప్పుడే గిన్నెలు పాత కాగితాల్లో చుడుతోంది.

మాస్టారి ముఖాన చెమట చుక్క లేదు.

"చూశారుగా," అన్నాడు తాపీగా. "ఇంత వెలుగులో, ఇంతసేపు. చెక్కు చెదరలేదు."

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. లోకంలో ఉన్న ప్రతి బట్టా వెలుగు సోకితే వెలిసిపోతుందట, పీలికలవుతుందట. వెలుగుని లెక్కచెయ్యని బట్ట ఇదొక్కటేనట. కమిటీలో ఉన్నావిడ, తమ ఇంటి కర్టెన్లు ఏడాది తిరక్కుండానే పాలిపోయాయని వాపోయింది. గడియారం చూసుకున్నాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తెల్లజుట్టు అధ్యక్షుడు చిన్న డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, దారం నువ్వే తీశావట. ఎంత వెలుగు పడినా ఇంతేనా? కదలదా?"

ఆమె నోరు తెరిచింది. తల తిప్పకుండా జడ వేయించుకుంటున్న పిల్ల కళ్ల ముందు కనిపించింది.

"కదలదండి," అంది.

సాయంత్రం నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది. మూడేళ్లు పొడిగింపు. పరిశోధనకి కొత్త పేరు కూడా పెట్టారు: కాంతికి చలించని వస్త్రాలు. మర్నాడు పొద్దున్నే కమిటీ మళ్లీ వచ్చి, లైటు వేసి, కదలని బట్టకి ఫొటోలు తీయిస్తుందట. మాస్టారు ఆ కాగితాన్ని టార్చి వేసి మరీ అందరికీ చూపించి, ఇంటికి వెళ్లిపోయాడు.

"పోనీలే అమ్మాయ్, ఊళ్లోనే ఉంటున్నావు. అదే చాలు," అని పెద్దమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "ఇక పాపకి చెప్పు, జట్టు కట్టుకోమని."

చెబుతానంది చిన్న డాక్టరమ్మ. పొద్దున్నుంచీ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. కాసేపటికి, మూడేళ్లు పెంచిన చెయ్యి కదా, ఉండబట్టలేక పెట్టె మూత తీసింది.

కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి బట్ట మీద పడింది. పూటంతా చీకట్లో నిద్రపోయిన బట్ట ఒళ్లు విరుచుకుంది. నాలుగు మూలలూ ఒక్కసారే లేచి, చంటిపిల్ల పిడికిలిలా ముచ్చటగా ముడుచుకున్నాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ అంత చక్కగా ముడుచుకోలేదు.

"లేచింది చూడవే నీ బంగారుతల్లి," అని పెద్దమ్మ మురిసిపోయింది.

చిన్న డాక్టరమ్మ దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చి, మెడలోంచి తాళంచెవి తీసి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"ఇస్త్రీ పెట్టె తీసుకురా పెద్దమ్మా."