తోటికోడలి తేనెపెట్టె

నోటితో చెప్పలేనిది ఒకటుంది కాబట్టి, చెల్లీ, ఇన్నాళ్లకు కలం పట్టాను.

నిన్న నా తోటికోడలు జగ్గమ్మ తేనెపెట్టె విప్పితే ఒక్క ఈగ లేదు. తేనెపట్టు నిండా మైనం తినే పురుగులు బూజులా అల్లుకుని ఉన్నాయి. భర్త పోయిన ఆమెకు ఆ పెట్టె ఒక్కటే ఆధారం.

"ఇది నీ పెట్టెలోంచి వచ్చిన పురుగే! పూజలు అడ్డమెట్టుకుని ఏటి సేసినావో సెప్పక్కా!" అని వీధిలోకి వచ్చి అరిచింది.

"వారానికోసారి పెట్టె అడుగుపలక తుడవద్దా? నల్లబడ్డ పట్టు తీసెయ్యొద్దా? పడుకుంటే పురుగు పట్టదేటి?" అన్నాను, మెల్లగానే.

"అయితే అరసవిల్లి దేముడి మీద ఒట్టెయ్యి."

తూర్పుకు తిరిగి సూర్యుడికి చేతులు జోడించాను. "నా పెట్టెలో ఒక్క పురుగు లేదు. స్వామే సాక్షి." విప్పి చూపించాను కూడా. చేరినవాళ్లంతా జగ్గమ్మనే తిట్టారు.

నా పట్టుకు పురుగు కార్తీకంలో కనిపించింది. ఎండలో పెడితే చస్తుంది. నోములో ఉండి ప్రాణిని ఎలా చంపను? ఆ పట్టు ముక్క తీసుకెళ్లి, జగ్గమ్మ పెట్టెలో బతకమని వదిలాను.

ఈ కాగితం దాచు. ఎవరికీ చూపకు.