ఎదురు దుకాణం

“మంచి అతుకుల దుప్పటి ఎక్కడ దొరుకుతుందమ్మా?” అని అడిగింది ఊరు చూడ్డానికొచ్చిన అమ్మాయి.

తోలు చెప్పులు సర్దుతున్న కేసర్ ఎదురు దుకాణం వైపు గడ్డంతో చూపించింది. “మా తోడికోడలు ధాపూ దగ్గర. జైసల్మేర్ కోట మొత్తం మీద దాని కుట్టుకు సాటి లేదు. నోరే మంచిది కాదు. దుకాణాలు పంచుకున్నప్పటి నుంచీ మాకు మాటల్లేవు.”

ఆ అమ్మాయి నవ్వుకుంటూ సందు దాటి, విన్నదంతా ధాపూకి చెప్పేసింది.

ధాపూ చేతిలో సూది ఆగిపోయింది. “నా కుట్టు బాగుంటుందందా? తనే అందా?”

దుప్పటి అమ్మేసి గుమ్మంలోకి వచ్చింది.

“అక్కా, నా నోరు మంచిది కాదన్నావట?”

“అన్నాను. అబద్ధమా?”

“కాదులే. టీ మరుగుతోంది, రా. మిగతా తిట్లు ఇక్కడ కూర్చుని తిడుదువుగాని.”

కేసర్ దుకాణం తలుపు కూడా వేయకుండా సందు దాటింది.