ఎంగిలి బుగ్గలు

అతను నాలుక చాపి చేతిలోని తోలు ముక్కను తడుపుకున్నాడు. ఆ తడితోనే అమ్మ కుడి బుగ్గ రుద్దడం మొదలుపెట్టాడు.



"ఏంటయ్యా అది?" అంది జోయిలా.

"గొర్రె ఉచ్చబుడ్డ. కడిగి ఎండబెట్టిందేలే," అన్నాడు క్విటో నుంచి వచ్చిన టిపాన్, తలెత్తకుండా. "ఉమ్మి తగిలితేనే మెరుపొస్తుంది. మా ముత్తాతల నాటి పద్ధతి."

"ఛీ. ఊళ్ళో నీళ్ళు లేవా?"

"నీళ్ళతో పైపొర లేచిపోద్దమ్మా."

ముప్ఫై ఏళ్ళుగా అమ్మ బాగోగులు చూస్తున్నది జోయిలా. జుట్టు దువ్వేది తనే, బట్టలు మార్చేది తనే. ఆ వేళప్పుడు మగపురుగును గుమ్మం తొక్కనిచ్చేది కాదు. అలాంటిది ఇవాళ ఎవడో వచ్చి అమ్మ మొహానికి ఎంగిలి పూస్తుంటే గోడకు ఆనుకుని చూడాల్సి వచ్చింది.

ఇదంతా ఎఫ్రాయిన్ చలవ. పదహారు బస్సులున్న ఆసామి. శుక్రవారం అమ్మ బయటికి వస్తుంది, ఊరంతా చూస్తుంది, ఈ పీక్కుపోయిన బుగ్గలతో ఎలా అని ఆయనే ఈ పనిమంతుణ్ణి పిలిపించాడు. బుగ్గలు పీక్కుపోయిన మాట నిజమే. వయసేమన్నా తక్కువా? దానికి తోడు లోపలంతా ఏదో తినేసింది. అయినా ఆ మొహాన్ని అలాగే చూస్తూ పెరిగిన ఊరు ఇది.

"మూడు దారులున్నాయండి," అన్నాడు టిపాన్, ఎఫ్రాయిన్ వైపు తిరిగి. "సూదితో లోపలికి ఎక్కించొచ్చు. కాస్త ఉబ్బుద్ది, అంతే. లేదంటే పైన పొర మీద పొర పూయొచ్చు. మూడోది, చెవి పక్కన కోసి, లోపల కూరి, మళ్ళీ మూసెయ్యడం. అదైతే మన తర్వాత కూడా చెక్కు చెదరదు."

"మూడోదే కానీ," అన్నాడు ఎఫ్రాయిన్. అప్పుడే తాగొచ్చిన ఉప్పుచేప పులుసు మీసానికి అంటుకుని ఉంది.

"కొయ్యడమా? అమ్మనా?" అంది జోయిలా.

"అడుగు మరి. అమ్మ వద్దంటే మానేద్దాం."

అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ కళ్ళల్లో ఎప్పటిలాగే నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఎలాంటి బుగ్గలు కావాలో ఏదైనా ఫొటో చూపిస్తారా?" అన్నాడు టిపాన్.

ఎఫ్రాయిన్ ఫోన్ తీసి వేలితో జరుపుతూ ఒక చోట ఆగాడు. "ఇదిగో. అచ్చం ఇలాగే రావాలి. ఈ ఎత్తు, ఈ నిగనిగ, ఇక్కడ పడే సొట్టతో సహా."

జోయిలా మెడ సాచి చూసింది. యాదిరా. ఎఫ్రాయిన్ గ్వాయకిల్‌లో ఇల్లు తీసి ఉంచిన పిల్ల. పోయిన నెల ఒక సాయంత్రం ఆయనే వెంటబెట్టుకొచ్చి అమ్మకు చూపించాడు. ఆ రోజు తలుపు తీసిన పాపం జోయిలాదే. ఆ బుగ్గలైనా దేవుడిచ్చినవి కావు, ఈయన కొనిపెట్టినవేనని ఆ పిల్లే గొప్పగా చెప్పుకుంది.

"అయ్యా, మీరు అన్నం తింటున్నారా గడ్డి తింటున్నారా? ఉంచుకున్నదాని మొహం తెచ్చి అమ్మకు తగిలిస్తారా?"

ఎఫ్రాయిన్ నవ్వు ఆగింది.

"వానొస్తే అమ్మ నెత్తిన కారకుండా ఈ కప్పు వేయిస్తున్నది ఎవరు జోయిలా? నీకు తాళంచెవి ఇచ్చిన పెద్దాయన్నే అడిగాను. నీ ఇష్టం అన్నారు. మధ్యలో నీ గోలేంటి? ఈ సంగతి మా ఎల్విరా చెవిన పడిందో, ఈ గది తాళంచెవి మళ్ళీ నీ చేతికి రాదు."

తాళంచెవి పోతే జోయిలాకి మిగిలేదేమీ లేదు. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నది అమ్మే. నోరు మూసుకుంది. మూసుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఎల్విరా మరి? ఆయన పెళ్ళాం. ప్రతి మంగళవారం వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చునేది. మొగుడికి బయట ఎవరో ఉన్నారని ఆమెకు తెలుసు. ఎవరో తెలియదు. "నీకు కాక ఎవరికి చెప్పుకోను," అంటూ తన గోడు వెళ్ళబోసుకునేది. అమ్మ వినేది. తేలికపడ్డాక కళ్ళు తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ జోయిలా చేతిలో వేడి రొట్టె పెట్టేది. ముప్ఫై ఏళ్ళలో జోయిలాని నువ్వు తిన్నావా అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

మూడు రోజులు పని సాగింది. టిపాన్ కోశాడు, కూరాడు, మూశాడు. గదంతా కుళ్ళిన తోలు కంపు. మూడో రోజు మళ్ళీ ఆ ఉచ్చబుడ్డ బయటికొచ్చింది. నాకడం, రుద్దడం, మళ్ళీ నాకడం. జోయిలా బయటికి పరుగెత్తి, తిన్నదంతా కక్కేసింది.

తిరిగొచ్చేసరికి అమ్మ మెడ మీద యాదిరా కూర్చుని ఉంది. సొట్ట కూడా పడింది. కళ్ళు మాత్రం అమ్మవే.

అందరూ వెళ్ళాక జోయిలా గుడ్డ తీసుకుని ఆ బుగ్గ మీది ఎంగిలిని పరపరా తుడిచింది. పోలేదు. ఇంకా నిగనిగలాడింది.

గురువారం బజార్లో ఎల్విరా ఎదురైంది.

"ఏం జోయిలా, ఈ వారం తలుపే తియ్యలేదు? అమ్మ ఎలా ఉంది?"

మాట జోయిలా నోటి దాకా వచ్చింది. నడుముకు వేలాడుతున్న తాళంచెవి చేతికి తగిలింది.

"బావుందమ్మా."

"రేపు కనపడుతుందిగా. ఈసారి అమ్మను ఒక్కటే కోరిక అడుగుతా," అంది ఎల్విరా, ఆమె చేతిలో రొట్టె పెడుతూ.

శుక్రవారం, నలభై మంది మోస్తున్న పల్లకీ మీద చర్చి గుమ్మం దాటి వచ్చిన మూడు వందల ఏళ్ళ కొయ్య మేరీమాత ఎదుట, అందరికంటే ముందు రాళ్ళ మీద మోకరిల్లిన ఎల్విరా, ఆ కొత్త బుగ్గల్లోకి కళ్ళారా చూస్తూ, "అదెవతో, దాని మొహం ఒక్కసారి నాకు చూపించు తల్లీ," అని మొక్కుకుంది.