మొక్కు జడ

"గంగమ్మను ఇంట్లో దాచిపెట్టుకుని ఈడికి వస్తాండారు!" చర్చిలో ఆరాధన మధ్యలో ఉపదేశి సత్యానందం గర్జించాడు. "రెండు మనసులతో వెదికితే దేవుడు దొరకడని ఆ కాలంలోనే ప్రవక్త ఇశ్రాయేలీయులకు చెప్పినాడు."

కుప్పం నుంచి పుంగనూరుకు కొత్తగా వచ్చిన మార్తమ్మ ముందు ఆగాడు. ఆమె ఒళ్లోని కొడుకు జడను పైకెత్తి అందరికీ చూపాడు. అది గంగమ్మ మొక్కేనని సంఘమంతా గుసగుసలాడుతున్నదే. ఇద్దరు పెద్దలు మార్తమ్మ చేతులు పట్టుకున్నారు. ఉపదేశి కత్తెరతో జడను మొదలంటా కత్తిరించాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు, మార్తమ్మ కూడా.

"నువ్వు యాల ఏడుస్తావు? గంగమ్మంటే భయమా?"

"ఇది గంగమ్మ మొక్కు కాదయ్యా. వీళ్ల నాయన బర్మా యుద్ధంలో ఉండాడు. ఆయప్ప ప్రాణాలతో వచ్చేదాకా బిడ్డ తలకు కత్తెర తగలనీనని యేసయ్యకు మొక్కుకుంటిని. వచ్చినాక ఈడనే జుట్టిస్తానంటిని."

పెద్దలు ఆమె చేతులు వదిలేశారు. ఉపదేశి మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు.

"మన దేవునికి ఎంటికలు యాల?" అని జడను కాలితో గుమ్మం బయటికి తోశాడు.

మార్తమ్మ దాన్ని ఏరి కొంగున ముడేసుకుంది. బిడ్డను చంకనేసుకుని, వెనక్కి తిరిగి ఆయన్నే అడిగింది.

"ఈ ఊళ్లో గంగమ్మ గుడి యాడుండాదయ్యా?"